సత్యాన్వేషి: రాబర్టు బ్రూస్ ఫూట్ జీవితము

మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దిన వారు మన దేశమున లెక్కకు మిక్కిలి. ఆ పలకరాయికి దాపుననున్న గిద్దలూరి నేల మానవుని ప్రాచీనతకు సాక్ష్యమైనదని యెఱిగినవారు కొలదిమంది. ఆ విచారణకు దక్షిణదేశమున మొదటి త్రోవ తీసిన మహనీయుడు రాబర్టు బ్రూస్ ఫూట్.

ఈయన 1834వ సంవత్సరమున ఇంగ్లండునందలి చెల్టెన్‌హామున జన్మించి, 1858లో భారత భూగర్భపరిశోధనశాఖయందు ఉద్యోగమున ప్రవేశించెను. అప్పటికి క్రైస్తవులలో పెక్కుమంది సృష్టి జరిగి ఆఱువేల యేండ్లే యైనదని నమ్ముచుండిరి. మన దేశమున కృతయుగమునందు పూర్ణులైయుండిన మానవులు యుగయుగమునకు క్షీణించిరను తలంపు నెలకొని యుండెను. నేలలో దొరకిన రాతిగొడ్డండ్లు పిడుగుతో ఆకసమునుండి పడినవని పలుదేశముల జనులు భావించిరి. ఫ్రాన్సునందు బూషే ద పెర్త్ అను నాతడు, నశించిన జంతుజాతుల యెముకలున్న పొరలలోనే మానవుడు చెక్కిన రాళ్ళును గలవని చూపగా, పండితులు చిరకాలము నమ్మరైరి. తుదకు 1859లో ప్రెస్ట్‌విచ్, ఇవాన్సు అను ఆంగ్లేయులు స్వయముగ పోయి పరీక్షించి, ఆ సాక్ష్యము నిజమని యంగీకరించిరి.

ఆ వృత్తాంతము ఫూట్ మనస్సున నాటుకొనెను. 1863 మే 30వ తేదీన చెన్నపట్టణము చెంత పల్లావరమున, కంకర త్రవ్విన గోతిలో, చెక్కిన రాయి యొకటి ఆయన కంటబడెను. అట్టి రాళ్ళను తరతరముల జనులు త్రొక్కి నడచియుందురు. వెదకవలసినదేమో యెఱిగిన కన్ను దానిని గుర్తించెను. ఒక్క రాయిపై సిద్ధాంతము నిలువదని యాయన, ఆ సెప్టెంబరులోనే సహోద్యోగియగు విలియం కింగుతో గూడి అత్తిరంపాక్కమున మఱికొన్నిటిని కనుగొనెను. ఆ కింగే 1872లో కడప, కర్నూలు శిలలను వివరించుచు, కంభము పలకశిలలను గూర్చి వ్రాసెను. ఫూట్ 1884లో కర్నూలు సీమయందలి బిల్లసర్గము గుహలను శోధించెను. 1891లో ఆ శాఖను విడిచిన పిమ్మటను సేకరణము మానలేదు. 1904లో ఆ రాళ్ళన్నియు చెన్నపురి మ్యూజియమునకు చేరెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో దేహము చాలించెను.

ఆయన గతించినను విచారణ గతింపలేదు. 1930లో కామియాడ్, బర్కిట్ అనువారు ఆగ్నేయభారత శిలాయుగములను గూర్చి వ్రాసిరి. 1952లో కె. వి. సౌందరరాజన్ గిద్దలూరు పరిసరముల శిలాయుగ పరికరములను వర్ణించెను. 2011లో ప్రకటింపబడిన పరిశోధన అత్తిరంపాక్కపు పనిముట్లకు సుమారు పదిహేను లక్షల యేండ్ల వయస్సు నిర్ణయించెను.

సోదరులారా, ఈ నూతనభావము అధికారముచేత గెలువలేదు. సందేహించినవాడు తానే పోయి త్రవ్వి చూడవచ్చును; దాని బలమంతయు అందేయున్నది. ఆదియందు సర్వజ్ఞులుండిరనియు, వారి సంతతివారమగుటచే మేమధికులమనియు చెప్పుకొనువారికి ఈ రాళ్ళు కఠినమైన ప్రశ్న వేయుచున్నవి. మానవజాతి పూర్వులందఱు చేతులతో శ్రమించి, తప్పి, దిద్దుకొని పైకి వచ్చినవారేయైనచో, జన్మాధిక్యమునకు తావెక్కడ? పూర్వవిశ్వాసమును విడుచుట పూర్వులను నిందించుట కాదు. వారు చేసిన పనిని కొనసాగించుటయే. సత్యస్వరూపుడగు పరమేశ్వరుడు గ్రంథమునందువలెనే కంకరరాతియందును తన సత్యమును నిలిపియున్నాడు. దానిని నిర్భయముగ చదువుటయు ఉపాసనయే.