పగిలే గాజుపై చెరగని చిత్రాలు
ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ జీవనయానం

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్: ముహూర్తం వేళకు కెమెరా మొరాయిస్తే ఫొటోగ్రాఫర్ పడే అవస్థ పగవాడికి కూడా వద్దు. పెళ్లిళ్ల కాలంలో ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ పరిసరాల ఫంక్షన్ హాళ్లలో ఈ అవస్థ కొత్త కాదు. షట్టర్ బిగుసుకుపోతుంది. మెమరీ కార్డు తెరుచుకోదు. ఫ్లాష్ వెలగదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అందుకే నాలుగు పెళ్లిళ్లు చూసిన ఫొటోగ్రాఫర్ ఎవరైనా రెండో కెమెరా వెంట లేనిదే ఇల్లు కదలరు. పరికరం మరీ చెడితే కోఠిలోని మరమ్మతు దుకాణాలు ఉండనే ఉన్నాయి.

రెండో కెమెరాను సంచిలో వేసుకునే వీలు లేని కాలంలో, ఫిల్ము సైతం వాడుకలోకి రాని రోజుల్లో, గాజు పలకల పెట్టెలను బండ్లపై మోయించుకుంటూ ఇదే హైదరాబాదులో ఒక వ్యక్తి ఫొటోగ్రఫీని నమ్ముకుని బతికాడు. ఆయన ఎదుట నిలబడిన వారు నవాబులు, వైస్రాయిలు. చిత్రం చెడిపోయింది, మరొక్కసారి నిలబడండి అని వారిని అడగడం ఎవరి తరమూ కాదు. ఆ వ్యక్తే లాలా దీన్‌దయాళ్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా దీన్‌దయాళ్‌గా దేశవిదేశాల్లో ప్రఖ్యాతి పొందారు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులకు ఆ కాలం ఆనవాళ్లు దూరమేమీ కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో రైలులో వెళ్తే చైతన్యపురి దాటిన తర్వాత విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వస్తుంది. 1901లో కన్నుమూసిన విక్టోరియా రాణి స్మారకంగా సరూర్‌నగర్ ప్యాలెస్‌ను అనాథ బాలల ఆశ్రమానికి ఇచ్చింది ఆరో నిజామే. దీన్‌దయాళ్‌ను హైదరాబాదుకు రప్పించినదీ ఆయనే. రాణి పేరు మీద ఒక స్టేషన్ వెలిసింది కానీ, ఆ కాలాన్ని గాజుపై నిలిపిన మనిషి గురించి ఆ దారిన పోయేవారిలో తెలిసినవారు తక్కువే.

ఇంజినీరు చదువు.. ఫొటోల వ్యాపకం

దీన్‌దయాళ్ 1844లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ సమీపాన ఉన్న సర్ధనాలో జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివారు. 1866లో ఇండోరులో ప్రజాపనుల శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కొలతలు తీయడం, నక్షాలు గీయడం, ఏ పనికి ఎంత సరుకు కావాలో ముందే లెక్క కట్టడం ఆయన ఉద్యోగం. ఈ సంగతిని చరిత్రకారులు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతుంటారు. నిజానికి ఆయన తర్వాతి విజయానికి పునాది ఇక్కడే పడిందనుకోవాలి. ప్రయాణానికి ముందే ఎన్ని పలకలు, ఎంత రసాయనం, ఎన్ని బండ్లు కావాలో తేల్చుకోగలిగిన వాడే ఆ కాలంలో ఫొటోగ్రాఫర్‌గా నిలదొక్కుకోగలిగేవాడు.

ఆయన కెమెరా పట్టింది 1874లో. ఆ ఏడాదే సికింద్రాబాదుకు వాడి మీదుగా రైలు వచ్చింది. సుమారు పదేళ్ల తర్వాత ఆ నగరమే తన కర్మభూమి అవుతుందని ఆయన అప్పుడు ఊహించి ఉండరు. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ భారత పర్యటనకు వచ్చినపుడు ఆ రాజబృందాన్ని ఫొటో తీసే అవకాశం దక్కింది. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి కోటలను, ఆలయాలను చిత్రాల్లో బంధించారు. మధ్య భారత ప్రసిద్ధ కట్టడాలపై 1886లో వెలువడిన గ్రంథానికి ఆ చిత్రాలే ప్రాణం.

తడి పలక ఆరేలోపే..

ఆయన వృత్తి నేర్చిన రోజుల్లో ఫొటో తీయడమంటే ఒక చిన్న ప్రయోగశాలను వెంట మోసుకువెళ్లడమే. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ వెలువరించిన తడి పలక పద్ధతి అప్పట్లో అంతటా చెలామణిలో ఉండేది. శుభ్రంగా తుడిచిన గాజు పలకపై కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని ఒలికించి, పలకను నలువైపులా వంచుతూ సమంగా పరచాలి. చీకట్లో దానిని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి. వెంటనే డేరాలోకి పరుగెత్తి డెవలప్ చేయాలి. ఇదంతా కొద్ది నిమిషాల్లో ముగియాలి. పలక ఆరిందా, చిత్రం లేనట్లే.

కొలోడియన్‌లో ఈథర్ ఉంటుంది. అది చల్లటి దేశాల్లోనే త్వరగా ఆవిరైపోతుంది. ఇక మే నెల ఎండల్లో చెప్పేదేముంది? పలకపై ద్రవాన్ని పరిచేలోపే ఒక అంచు ఆరిపోయేది. దుమ్ము రేణువు వాలితే ఆకాశంలో నల్లటి చుక్క పడేది. ద్రావణంలో చెమట బొట్టు పడినా, బావి నీటిలో ఉప్పు ఎక్కువగా ఉన్నా పలకంతా మచ్చలు. నల్లగుడ్డ కప్పిన డేరాలో ఈథర్ వాసన పీలుస్తూ పనిచేసేవారికి కళ్లు తిరగడం మామూలే.

1880 ప్రాంతంలో జెలటిన్ పూసిన డ్రై ప్లేట్లు బజారులోకి వచ్చాయి. వీటిని ముందుగానే తయారుచేసి పెట్టెల్లో అమ్మేవారు. ఫొటో తీసిన తర్వాత డెవలప్ చేయడానికి తొందర అక్కరలేదు. దేశమంతా తిరిగే ఫొటోగ్రాఫరుకు ఇది వరమే. అయితే ఉష్ణ దేశంలో దీనికీ ఒక గండం ఉంది. జెలటిన్ వేడి నీటికి మెత్తబడుతుంది. వేసవిలో తొట్టి నీరు గోరువెచ్చగా ఉంటే పలక అంచుల వెంబడి పొర ముడతలు పడి, గాజును వదిలి పైకి లేచేది. కళ్లముందే దొరవారి ముఖం జారిపోయేది. అందుకే మన దేశంలో పనిచేసిన ఆనాటి ఫొటోగ్రాఫర్లు నీటిని మంచుగడ్డలతో చల్లబరిచేవారు. పొర గట్టిపడటానికి పటిక నీటిలో పలకను ముంచేవారు. డెవలపింగ్ పనిని తెల్లవారుజామున చల్లటి వేళకు పెట్టుకునేవారు. మన ఇళ్లలో బురద నీటిని తేర్చడానికి వాడిన పటిక అక్కడ చిత్రాలను నిలిపింది.

కెమెరా చెక్క బాధలు వేరు. ఇంగ్లండులో తయారైన పెట్టె ఇక్కడి ఎండకు బీటలు వారేది. వానకాలంలో ఉబ్బి బిగుసుకుపోయేది. అతుకులకు వాడిన జిగురు కరిగి ఊడిపోయేది. ముడతల తోలును పురుగులు కొరికితే సూది మొనంత రంధ్రం చాలు, వెలుగు చొరబడి పలకంతా పాడయ్యేది. దీన్ని చూసే లండన్ తయారీదారులు భారతదేశం కోసం ప్రత్యేకంగా టేకు చెక్కతో, మూలలకు ఇత్తడి పట్టీలు బిగించి, పురుగులకు గిట్టని వాసన గల ఎర్ర తోలుతో కెమెరాలు చేసి పంపారు. ఒక భాగం విరిగితే మరొకటి ఓడలో రావలసిందే. అంతదాకా స్థానిక వడ్రంగి, కంసాలే దిక్కు.

బరువు సంగతీ తక్కువేమీ కాదు. పన్నెండు అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం గల గాజు పలక దాదాపు నాలుగు వందల గ్రాములు తూగుతుంది. వంద పలకలు తీసుకెళ్లాలంటే గాజు ఒక్కటే నలభై కిలోలు. బండి గోతిలో పడితే వారం రోజుల శ్రమ గాజు పెంకులే.

నిజాం కొలువులో

మహబూబ్ అలీ ఖాన్ 1884లో పూర్తి పాలనాధికారాలు చేపట్టారు. దీన్‌దయాళ్ ఆయన ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. అనంతరం సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. రాజప్రాసాదాలు, దర్బారులు, సైనిక కవాతులు, వేట విడుదులు, విందు బల్లలు, ఏనుగు అంబారీలు.. ఆయన కెమెరాకు చిక్కనిది లేదు. 1894లో నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. గాజుతో, ఎండతో, దుమ్ముతో నిత్యం పోరాడిన మనిషికి ఇంతకంటే తగిన బిరుదు ఉండదేమో. విక్టోరియా రాణి నుంచి కూడా ఆయన రాజ నియామక పత్రం అందుకున్నారు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలు కొలువుదీరాయి.

స్టూడియోను ఆయన ఒక కార్యాలయం మాదిరిగా నడిపారు. నెగెటివ్‌లకు సంఖ్యలు వేయించి, పుస్తకాల్లో నమోదు చేయించారు. ఏ చిత్రం ఎవరిది, ఏ పలకపై ఉంది అన్నది ఆ సంఖ్యే చెప్పేది. ఇంజినీరు అలవాటు ఇక్కడ కనిపిస్తుంది. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్‌లను సైతం ఈ వృత్తిలోకి తెచ్చారు. సంస్థ పేరు రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్‌గా స్థిరపడింది. పరికరం మొరాయించినా పని ఆగకుండా చూసేది చుట్టూ ఉన్న మనుషులే అన్న సంగతి ఆయనకు బాగా తెలుసు.

1892లో హైదరాబాదులో ఆయన ప్రారంభించిన జనానా స్టూడియో ఆ రోజుల్లో సంచలనం. పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఏర్పాటైన ఈ స్టూడియోను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ నిర్వహించారు. ఇక్కడి చిక్కు వేరు. ఫొటోకు పగటి వెలుగు ధారాళంగా కావాలి, బయటి చూపు మాత్రం లోపల పడకూడదు. అందుకే చుట్టూ ఎత్తైన గోడలు లేచాయి, పని అంతా స్త్రీల చేతుల మీదుగానే సాగింది.

1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు.

నెక్కొండ అడవిలో పులి

తెలుగునేలపై తీసిన ఆయన చిత్రాల్లో ప్రపంచమంతా ఎరిగినది వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ సమీపాన తీసినది. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ నిజాం అతిథిగా వేటకు వచ్చారు. చచ్చిన పులి ముందు కర్జన్ దంపతులు నిలబడిన చిత్రం అది. వేట ఉల్లాసం గురించి ఎందరో రాశారు. కెమెరా పక్కన నిలబడిన వారి గురించి రాసినవారు అరుదు. వేసవి అడవి, తాగునీరే కరవైన చోటు, పొర కరిగే వేడి. పులి కదలదు సరే, వైస్రాయి ఎంతసేపు నిలబడతారు? 1889 నాటికే బెజవాడ దాకా రైలు మార్గం పడింది కనుక, ఎద్దుబండ్ల కుదుపులు కొంత తప్పి ఉంటాయి. వచ్చే సంవత్సరమే, అంటే 1903లో, ఢిల్లీ దర్బారు వేడుకలనూ ఆయన సంస్థ చిత్రీకరించింది.

నవాబుల వైభవమే ఆయన తీశారనుకుంటే పొరపాటు. నాటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ ప్రాంతంలో కరవు సహాయ పనులను సైతం ఆయన సంస్థ చిత్రాల్లో నమోదు చేసింది. మట్టి తట్టలతో బారులు తీరిన కూలీలు, గంజి కోసం కూర్చున్న పిల్లలు. రాజ్యం తాను చేసిన మేలును చూపుకోవడానికి తీయించిన చిత్రాలే అవి, సందేహం లేదు. అయినా ఎముకలు తేలిన ఆ ఒళ్లు అబద్ధం చెప్పవు. దర్బారు చిత్రాల కంటే ఈ చిత్రాలే నేటి చరిత్ర విద్యార్థికి ఎక్కువ ఉపయోగం.

మిగిలిన గాజు

దీన్‌దయాళ్ 1905 జులై 5న కన్నుమూశారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ సైతం మరణించడంతో ఆస్థాన ఆదరణ సన్నగిల్లింది. ఫిల్ము చుట్టలు, చేతిలో ఇమిడే చిన్న కెమెరాలు వచ్చి స్టూడియోల గిరాకీని తగ్గించాయి.

గాజు పలకలకు మరో పరీక్ష ఆ తర్వాతే మొదలైంది. చెమ్మకు బూజు పడుతుంది. పొర మీద వెండి పైకి తేలి అద్దంలా మెరుస్తుంది. ఒకదానిపై ఒకటి పేర్చిన పలకలు తమ బరువుకే చిట్లుతాయి. పాత గాజు నెగెటివ్‌ల పొరను గీకి, ఆ గాజును కిటికీలకు, పటాలకు వాడుకోవడం అనేక దేశాల్లో జరిగింది. దీన్‌దయాళ్ వారసులు మాత్రం వేలాది పలకలను దశాబ్దాల పాటు భద్రపరిచారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిలో 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది. అంతకుముందే, 1980లో, క్లార్క్ వార్స్‌విక్ అనే అమెరికన్ పరిశోధకుడు వెలువరించిన పుస్తకం ఆయన పేరును పాశ్చాత్య పాఠకులకు మళ్లీ పరిచయం చేసింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్లను విడుదల చేసింది. 2013లో కెనడాలోని టొరంటో నగరంలో రాయల్ ఒంటారియో మ్యూజియం ఆయన చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది.

ఢిల్లీలోని ఆ పలకలపై చార్మినార్ వీధులు, నిజాం కొలువు నేటికీ తలకిందులుగా, తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా నిలిచి ఉన్నాయి. కొన్నింటి అంచులు చిట్లాయి, కొన్నింటిపై పొర లేచింది. పలకను కాంతికి ఎదురుగా పట్టుకుంటే మాత్రం తలపాగా మడతలు, మీసం కొసలు, ఏనుగు అంబారీ అంచున వేలాడే కుచ్చులు విడివిడిగా కనిపిస్తాయి.