రాత్రి ఆస్పత్రి చాకిరీ, పగలు హార్వర్డ్ చదువు

భీమవరం: బోదకాలు నివారణకు సర్కారు సిబ్బంది ఊరూరా ఏళ్ల తరబడి పంచిన డి.ఇ.సి. మాత్రలు చాలామంది మింగే ఉంటారు. ఆ మందు వెలువడింది మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనశాలలోనే.

ఆయన 1895లో జన్మించారు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ నగలమ్మి చదివించారు. సంగ్రహణి జబ్బు ఇద్దరు సోదరులను పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు, 1920ల మొదట్లో భార్య శేషగిరిని ఇంటివద్దే ఉంచి ఒంటరిగా ఓడెక్కారు. దారి ఖర్చులకు మామగారు సాయపడ్డారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కూడా ఆదుకుంటామని మాట ఇచ్చింది.

అమెరికాలోని బోస్టన్ నగరం చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువులో ప్రవేశించారు. సీటైతే దొరికింది గాని స్కాలర్‌షిప్పు లేదు. అక్కడ వైద్యం చేయడానికి అనుమతీ లేదు. దాంతో ఒక ఆస్పత్రిలో రాత్రి పోర్టరుగా కుదిరారు. మంచాన ఉన్న రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం ఆయన పని. డాక్టరీ చదివినాయన ఈ చాకిరీ చేయడమేమిటని మన ఊళ్లలో ముక్కున వేలేసుకుంటారు. కాని పరాయి ఊళ్లో గది అద్దె, తిండి ఖర్చు ఎవరిస్తారు?

ఫిస్క్‌తో కలసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1930లో డాక్టరేటు వచ్చింది. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది ఆయన బృందమే. బోదకాలు మందు ఆ తర్వాత వచ్చింది.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో 53వ ఏట కన్నుమూశారు. ఓడెక్కిన నాటి తర్వాత శేషగిరి మళ్లీ భర్తను చూడలేదు.