బొమ్మల కింద సమాధి

మన బళ్లో డ్రాయింగు క్లాసులో విన్న పేరు కాదు జాన్ ట్రంబుల్‌ది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ చిత్రశాల చూశాకే నాకు తెలిసింది. ఆయన 1756లో పుట్టారు. చిన్ననాడే ఒక కన్ను పాడైంది. అయినా వాషింగ్టన్ సైన్యంలో పనిచేసి, ఆ స్వాతంత్ర్య సమరాన్నే చిత్రించారు. రెండు డాలర్ల నోటు వెనక ఉన్నది ఆయన వేసిన బొమ్మే! ఇంతా చేసి, ముసలితనంలో చేతిలో డబ్బు లేదు. చదివింది హార్వర్డ్‌లో, బొమ్మలిచ్చింది యేల్‌కు, ఏటా 1,000 డాలర్లు బతికినన్నాళ్లూ ఇచ్చేటట్టు. దానం కాదు, పొట్టకూటి బేరం. వాటితోనే 1832లో చిత్రశాల తెరిచారు. 1871లో జార్వెస్ సేకరించిన 119 ఇటలీ చిత్రాలు చేరాయి. ఇప్పుడు సుమారు 3 లక్షల వస్తువులున్నాయి. 1843లో పోయిన ట్రంబుల్‌ను, కోరుకున్నట్టే, తన బొమ్మల కింద భార్యతోపాటు సమాధి చేశారు. చిత్రశాల చోటు మారినప్పుడల్లా ఆ అస్థికలూ వెంట వెళ్లాయి.