పూరిపాక స్థానంలో పక్కా ఇల్లు: ఫాదర్ ఫెర్రర్ జీవితం

దుమ్ముగూడెం: మన మండలంలోని పర్ణశాల పేరు వినని తెలుగువారు ఉండరు. పర్ణశాల అంటే ఆకుల పాక. వనవాస కాలంలో సీతారాములు ఇక్కడ పాక వేసుకుని కాపురమున్నారని మన పెద్దల నమ్మకం. ఆ వనవాసానికి పద్నాలుగేళ్ల గడువు ఉంది. గోదావరి ఒడ్డున తాటాకు కప్పు కింద, వెదురు తడికలకు మట్టి మెత్తిన గోడల మధ్య బతుకు వెళ్లదీసే పేద కుటుంబానికి మాత్రం గడువంటూ ఏదీ లేదు.

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులు తాకింది. ఏటి ఒడ్డు పల్లెల జనం పిల్లాజెల్లలతో, గొడ్డూగోదతో మెరక ప్రాంతాలకు తరలిపోయారు. నీళ్లు తీశాక ఇంటికి వచ్చి చూసుకుంటే నానిన మట్టి గోడ నిలబడి ఉండదు. మళ్లీ వెదురు కొట్టాలి, తడిక అల్లాలి, మట్టి తొక్కాలి. వరద వచ్చిన ప్రతిసారీ ఇదే పని.

పేదవాడికి నిలిచే ఇల్లు కట్టడం ఎలాగన్న ప్రశ్నకు మన తెలుగు నేల మీదనే నలభై ఏళ్లు పనిచేసి చూపించిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్. అనంతపురం జిల్లాలో ఆ పేరు తెలియని పల్లె అరుదు. మన వైపు మాత్రం ఆయన గురించి తెలిసినవారు తక్కువ. కాటన్ దొర కాలపు ఆనకట్టను చూస్తూ పెరిగిన దుమ్ముగూడెం వాసులకు, పరదేశం నుంచి వచ్చిన మనిషి ఇక్కడ నిలిచే పని చేయగలడని వేరుగా చెప్పనక్కరలేదు.

యుద్ధం చూసిన కుర్రవాడు

ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో జన్మించారు. ఆయన కుర్రతనంలోనే ఆ దేశంలో అంతర్యుద్ధం చెలరేగింది. అన్నదమ్ములే రెండు పక్షాలై కొట్టుకున్న యుద్ధం అది. 1938లో ఎబ్రో నది ఒడ్డున జరిగిన పెద్ద పోరులో ఫెర్రర్ కూడా సైనికుడిగా ఉన్నారు. ఆయన ఉన్న పక్షం ఓడిపోయింది. లక్షలాది మందితో పాటు సరిహద్దు దాటి ఫ్రాన్సుకు చేరిన ఆయనను సముద్రపు ఒడ్డున ఆర్జెలెస్ అనే చోట శిబిరంలో ఉంచారు. ఆ శిబిరంలో తొలి రోజుల్లో జనానికి తలదాచుకునే కప్పు కూడా లేదు. చలికాలంలో ఇసుకలోనే పడుకున్నారు. నీడ లేని బతుకు ఎలా ఉంటుందో ఆ వయసులోనే ఫెర్రర్ కళ్లారా చూశారు.

స్వదేశానికి తిరిగి వచ్చాక న్యాయశాస్త్రం చదవసాగారు. అది మధ్యలోనే విడిచి 1944లో జెస్యూట్ సంఘంలో చేరారు. 1952 ఫిబ్రవరిలో ఓడ దిగి బొంబాయిలో కాలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఒకటి.

మన్మాడ్ రైతుల వెంట

మహారాష్ట్రలోని మన్మాడ్ ఆయన తొలి కార్యక్షేత్రం. అది వానలు సరిగా పడని మెట్ట ప్రాంతం. మతబోధ కోసం పంపిన ఈ యువ ఫాదరీ రైతుల బావుల పనిలో పడిపోయారు. బావి తవ్వుకునే రైతు కుటుంబానికి పని సాగినన్నాళ్లు గోధుమలు, నూనె ఇచ్చేవారు. వడ్డీ లేకుండా అప్పు సర్దేవారు. చెమట రైతుది, సాయం ఆయనది. ఈ పద్ధతినే తర్వాత జీవితమంతా పాటించారు.

పేద రైతు సొంత కాళ్ల మీద నిలబడడం అందరికీ నచ్చలేదు. పెద్ద రైతులకు, కొందరు రాజకీయ నాయకులకు ఆయన కంటగింపు అయ్యారు. మతం మార్చడానికే వచ్చాడన్న ఆరోపణలు లేచాయి. చివరకు దేశం విడిచి వెళ్లాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దానికి నిరసనగా వేలాది మంది రైతులు మన్మాడ్ నుంచి బొంబాయి దాకా కాలినడకన కదిలారు. అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ మధ్యేమార్గం చూశారు. కొన్నాళ్లు స్వదేశానికి వెళ్లి రావచ్చని, తిరిగి వస్తే దేశం ఆయనను ఆహ్వానిస్తుందని తెలియజేశారు. ఆ మాట మీద 1968లో ఆయన దేశం విడిచి వెళ్లారు.

కరువు జిల్లాలో మకాం

మరుసటి సంవత్సరం 1969లో ఫెర్రర్ తిరిగి వచ్చారు. మహారాష్ట్రలో మళ్లీ అడుగుపెట్టే వీలు లేదు. ఆయనకు చోటిచ్చింది మన ఆంధ్రప్రదేశ్. ఆయన మకాం పెట్టింది రాష్ట్రంలోకెల్లా వాన తక్కువ పడే అనంతపురం జిల్లా. ఇక్కడా మొదట్లో వ్యతిరేకత ఎదురైంది. ఆయన చలించలేదు.

1970లో జెస్యూట్ సంఘం నుంచి బయటకు వచ్చారు. ఆ ఏడాదే అన్నె పెర్రీని వివాహమాడారు. ఆమె ఇంగ్లండులో పుట్టిన పాత్రికేయురాలు. మన్మాడ్ గొడవ గురించి వార్తలు రాయడానికి వచ్చి, ఆ పనిలోనే ఉండిపోయిన మనిషి. గురువు వేషం వదిలినా జనం మాత్రం ఆయనను చివరి వరకూ ఫాదర్ అనే పిలిచారు. దంపతులిద్దరూ కొద్దిమంది తోటివారితో కలిసి గ్రామీణాభివృద్ధి ట్రస్టును నడిపించారు. పల్లెల్లో దాన్ని ఆర్.డి.టి. అంటారు.

బడులు, ఆసుపత్రులు, చెరువులు, చెక్‌డ్యాములు, మహిళా సంఘాలు, వికలాంగుల సంక్షేమం ఇలా ఒక్కొక్కటిగా పని విస్తరించింది. దళితులు, గిరిజనులు, వెనుకబడిన కులాల పేదలే ఆ పనికి కేంద్రం. వీటన్నిటిలోనూ కంటికి ఎదురుగా కనిపించేది ఇళ్ల నిర్మాణం.

గుడిసె నుంచి ఇంటికి

ఆ రోజుల్లో అనంతపురం పల్లెల్లో దళితుల గుడిసెలు ఊరికి దూరంగా ఉండేవి. లోపలికి పోవాలంటే నడుం వంచాలి. గుడిసె నేల బయటి నేలతో సమానంగా ఉండడంతో వాన పడితే నీళ్లు లోపలికే వచ్చేవి. పాము, తేలు భయం ఎప్పుడూ ఉండేది. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ పడితే గింజలు, బట్టలు, కాగితాలు అన్నీ బూడిదే. కూలి డబ్బులో సగం ఏటేటా కప్పు మార్చడానికే పోతే ఆ కుటుంబం ఎన్నటికి తేరుకుంటుంది?

ట్రస్టు కట్టించిన ఇల్లు పెద్దదేమీ కాదు. నేలకు ఎత్తుగా పునాది, గట్టి గోడలు, పైన శ్లాబు, తలుపు, కిటికీ. ఇంటిల్లిపాదీ తల ఎత్తుకుని గుమ్మం దాటగలిగే ఇల్లు. అయితే ఆ ఇళ్లు కట్టిన పద్ధతి గమనించదగినది. ఊళ్లోవారితో కూర్చుని మాట్లాడకుండా పని మొదలుపెట్టేవారు కారు. ఇల్లు పొందే కుటుంబం పునాది తవ్వడం మొదలుకొని తన వంతు శ్రమ చేయాలి. తమ చేతులు పడిన గోడను ఆ కుటుంబం సొంతంగా చూసుకుంటుందని ఫెర్రర్ నమ్మకం. మన్మాడ్ బావి దగ్గర నేర్చిన పాఠమే ఇది.

మరొక సంగతి కూడా ఉంది. ఇంటిని స్త్రీ పేరున రాయించే పద్ధతిని ట్రస్టు చేపట్టింది. తాగుడుకో, అప్పుకో మగవాడు ఇల్లు తాకట్టు పెడితే ఆడది, పిల్లలు వీధిన పడతారు. కాగితం మీద ఆమె పేరు ఉంటే అది అంత తేలిక కాదు. గాలివానకు ఆగే గోడ ఎంత అవసరమో, ఆ కాగితం కూడా అంతే అవసరమని అనంతపురం పల్లెల ఆడవారికి అనుభవం మీద తెలిసింది.

ఇలా ట్రస్టు కట్టించిన ఇళ్లు యాభై వేలు దాటాయి. డబ్బు ఎక్కువ భాగం స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు నెలనెలా పంపిన చిన్న మొత్తాల నుంచి వచ్చింది. ఆ చందాల కోసం 1996లో అక్కడ ఆయన పేరున ఒక సంస్థ ఏర్పడింది. 1998లో స్పెయిన్ దేశపు ప్రతిష్ఠాత్మకమైన ఆస్టూరియస్ పురస్కారం ఆయనను వరించింది.

ఇల్లు కట్టినంత మాత్రాన కులం గోడ కూలిపోదు, కరువూ పోదు. అది ఫెర్రర్‌కు తెలియనిది కాదు. అందుకే ఇంటితో పాటు బడి, వైద్యం, నీరు కూడా చూసుకున్నారు. 2000లో బత్తలపల్లిలో ఆసుపత్రి వెలిసింది. 2009 జూన్ 19న ఎనభై తొమ్మిదేళ్ల వయసులో ఆయన అనంతపురంలో కన్నుమూశారు. పల్లెల నుంచి వేలాది జనం కడచూపు కోసం వచ్చారు. బత్తలపల్లిలోనే ఆయన భౌతికకాయాన్ని సమాధి చేశారు. పుట్టిన దేశానికి తీసుకుపోలేదు.

మనం నేర్చుకోదగినది

అనంతపురానిది వాన లేని బాధ. మనది ముంచెత్తే బాధ. అక్కడి ఇంటి కొలతలు ఇక్కడికి యథాతథంగా పనికిరావు. కాని ఆయన పద్ధతి ఇక్కడా పనికివస్తుంది.

2024 మార్చి 11న తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని మన భద్రాచలంలోనే ప్రారంభించింది. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి ఇంటి ఆడపడుచు పేరున అయిదు లక్షల రూపాయల సాయం అందించే పథకమిది. డబ్బు వస్తే సగం పనే అయినట్టు. స్థలం వరద అంచుకు పైన ఉందా, 1986 నీటి గుర్తు ఊళ్లో ఎక్కడి దాకా వచ్చింది, పునాది ఎంత ఎత్తు వేస్తున్నారు అన్నది ముగ్గు పోసే ముందే ఊరి పెద్దలను అడిగి తెలుసుకోవాలి. పని మేస్త్రీకి అప్పగించి ఊరుకోకుండా సిమెంటు పాలు, ఇసుక పాలు, గోడకు నీళ్లు కొట్టడం ఇంటివారే దగ్గరుండి చూసుకోవాలి. వితంతువులు, ముసలివారు ఒంటరిగా ఉన్న చోట పునాది తవ్వడానికి నలుగురూ తలా ఒక పూట చెయ్యి వేస్తే ఆ ఇల్లు కూడా వరదల లోపే పూర్తవుతుంది. పొలం పనుల్లో బదులు చేతులు వేసుకోవడం మన గూడేలకు కొత్త కాదు.

పర్ణశాలను భక్తితో దర్శించుకుందాం. మన పల్లెల్లో పేదవాడి పాకను మాత్రం అలాగే ఉంచకుండా, గోదావరి మళ్లీ పొంగేలోగా ఎత్తు పునాది మీద నిలబెట్టుకుందాం.