రవివర్మ చిత్రించిన పురాణపురుషులు

రాజా రవివర్మ పేరు వినినంతనే మన కుటుంబములవారికి లక్ష్మీసరస్వతుల పటములు స్మరణకు వచ్చును. కాని పురాణపురుషులను తైలవర్ణములతో రూపొందించుటకు ఆ మహనీయుడు పడిన శ్రమ నెఱిగినవారు కొందఱే.

ఆయన 1848 ఏప్రిల్ 29 న తిరువాన్కూరునందలి కిళిమానూరు రాజగృహమున జన్మించెను. మేనమామ రాజరాజవర్మ తొలిగురువు. పదునాలుగవ యేట తిరువనంతపురము చేరి ఆయిల్యం తిరునాళ్ మహారాజు నాశ్రయించెను. తైలవర్ణముల మర్మ మెఱిగిన ఆస్థాన చిత్రకారుడు విద్య నేర్పుట కంగీకరింపలేదు. 1868 లో వచ్చిన థియొడోర్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుడు తాను పనిచేయుచుండగా చూచుటకు మాత్రము సమ్మతించెను. చూచి కొంత, చేసి కొంత నేర్చి, 1873 లో మదరాసు ప్రదర్శనమున గవర్నరు స్వర్ణపతకమును బడసెను. 1888 లో బరోడా ప్రభువు సయాజీరావు గాయక్వాడు 14 పురాణచిత్రములను వ్రాయ నియోగించెను.

మన ప్రాచీన చిత్రములందు దేవుని శంఖచక్రములచేతను, మేనివన్నెచేతను గుర్తింతుము. తైలచిత్రమున వెలుగునీడలచే కండలును, వయస్సును, కోపశోకములును బయల్పడును. మనుష్యదేహమున నిలిపిన దేవునియందు దివ్యత్వ మెట్లు తోచును? కథలో ధర్మము పరీక్షకు వచ్చిన క్షణమును పట్టుటయే రవివర్మ కనుగొనిన యుపాయము. జటాయువధమున ఖడ్గధారియైన రావణుని బలమెల్ల నధర్మమునకే వ్యయమగుచున్నది. మైసూరు ప్రభువుకొఱకు తుదిదినములలో వ్రాసిన చిత్రములందు, సముద్రునిపై ధనుస్సెత్తిన శ్రీరాముని క్రోధమును, కౌరవసభలో కత్తి దూయబోవు సాత్యకిని వారించు శ్రీకృష్ణుని నిగ్రహమును చూతుము. ఒకట కోపము, వేఱొకట శాంతము, రెండును పౌరుషమే.

ఆనంద కుమారస్వామి మొదలగు విమర్శకులు ఈ మూర్తులు నాటకపాత్రలవలె నున్నవని యాక్షేపించిరి. అందు కొంత నిజము లేకపోలేదు. అయినను, 1894 లో బొంబాయి ప్రాంతమున ఆయన స్థాపించిన ముద్రాలయమువలన, ఆలయప్రవేశమునకే నోచుకొనని పేదలు సైతము దేవుని తమ గోడపై నిలుపుకొనిరి. ఈ మేలును ఏ యాక్షేపణమును తుడిచివేయజాలదు.

1906 అక్టోబరు 2 న కిళిమానూరునందే ఆయన కన్నుమూసెను. రాజకుటుంబమున బుట్టియు కుంచె పట్టి, ప్రతిఫలము గైకొని, చేతిపనిని వృత్తిగా స్వీకరించుటకు ఆయన సిగ్గుపడలేదు. వంశగౌరవ మడ్డమని హస్తకళలను చిన్నచూపు చూచు మన యువకులు ఈ చరిత్రమును మననము చేయుదురుగాక.