వీపున మోసే ప్రాణరక్ష
(గ్లెబ్ కొతెల్నికోవ్ జీవితం)

పావగడ తాలూకా వానలు తక్కువగా పడే నేల. బోరుబావులు రాకముందు ఇక్కడి సేద్యం చెరువుల మీద, మోట బావుల మీద సాగేది. ఎండాకాలంలో నీళ్ళు అడుగంటితే పూడిక తీయడానికి మనిషి బావిలోకి దిగవలసి వచ్చేది. అతని నడుముకు మోకు కట్టే ముందు పెద్దలు ఆ మోకును జానెడు జానెడుగా తడిమి చూసేవారు. పురి విడిందేమో, నార చివికిందేమో అని పరిశీలించేవారు. ఇద్దరు ముగ్గురు చెరొక కొసా పట్టుకొని గట్టిగా లాగి చూసేవారు. మోకు కొత్తదైనా సరే, పరీక్ష తప్పేది కాదు. ఒక మనిషి ప్రాణం దాని మీద వేలాడుతుంది మరి!

విమానం నుండి దూకే మనిషికి పారాచూటే మోకు. అది తెగినా, చిక్కుపడినా, తెరుచుకోకపోయినా ప్రాణానికే ముప్పు. అటువంటి పారాచూట్‌ను వీపుకు తగిలించుకొనే సంచిలో అమర్చి, మనిషి కంటె ముందు బొమ్మతో పరీక్షించి లోకానికి చూపిన ప్రథముల్లో ఒకడు గ్లెబ్ కొతెల్నికోవ్. ఆయన ఇంజనీరు కాడు, విమానం నడిపేవాడూ కాడు. ఆయన ఒక నాటక నటుడు.

కొతెల్నికోవ్ 1872 జనవరి 30న రష్యా దేశంలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. తండ్రి యంత్రశాస్త్రం, గణితశాస్త్రం బోధించే ఆచార్యుడు. ఆ ఇంట్లో చదువుతో పాటు నాటకాలన్నా, సంగీతమన్నా అందరికీ ప్రీతి. చిన్నారి గ్లెబ్ పాటలు పాడేవాడు, వయొలిన్ వాయించేవాడు. తీరిక దొరికితే కొయ్యతో, రేకుతో బొమ్మలు, చిన్న చిన్న యంత్రాల నమూనాలు తయారు చేసేవాడు.

తండ్రి హఠాత్తుగా మరణించడంతో ఆ కుటుంబం కష్టాల్లో పడింది. గ్లెబ్ కీవ్ నగరంలోని సైనిక పాఠశాలలో చేరి 1894లో చదువు ముగించాడు. మూడేళ్ళు సైన్యంలో పని చేశాడు. తరువాత ఎక్సైజు శాఖలో ఉద్యోగం చేశాడు. పొట్టకూటికి ఆ కొలువు చేస్తున్నా మనసు మాత్రం రంగస్థలం మీదే ఉండేది. చివరికి 1910లో ఉద్యోగం వదలి పీటర్స్‌బర్గ్ చేరి నాటక బృందంలో నటుడయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఎనిమిదేళ్ళు.

ఆ సంవత్సరమే ఆయన జీవితాన్ని మార్చిన సంఘటన జరిగింది. రైట్ సోదరులు విమానాన్ని ఎగురవేసి అప్పటికి ఏడేళ్ళే అయింది. విమానం ఎగిరితే చూడడానికి జనం తిరునాళ్ళకు వచ్చినట్లు వచ్చేవారు. 1910 అక్టోబరు 7న పీటర్స్‌బర్గ్‌లో జరిగిన వైమానిక ఉత్సవానికి కొతెల్నికోవ్ కూడా వెళ్ళాడు. లెవ్ మత్సియేవిచ్ అనే సైనికాధికారి విమానంలో పైకెగిరాడు. కొన్ని వందల మీటర్ల ఎత్తున విమానాన్ని బిగించి ఉంచిన తీగ ఒకటి తెగింది. విమానం ఒరిగింది. మత్సియేవిచ్ ఆసనం నుండి జారి, వేలాది జనం చూస్తుండగా నేల మీద పడి మరణించాడు. రష్యా విమానయాన చరిత్రలో అదే మొదటి మరణం.

జనం కన్నీళ్ళు తుడుచుకొని ఇళ్ళకు వెళ్ళారు. కొతెల్నికోవ్ మాత్రం ఆ దృశ్యాన్ని మరచిపోలేకపోయాడు. తీగ తెగకుండా ఎవరూ ఆపలేరు. కాని తీగ తెగిన తరువాత మనిషిని కాపాడే ఉపాయం ఉండాలి కదా! ఈ ఆలోచన ఆయనను వదలలేదు.

పారాచూట్ అప్పటికి కొత్త వస్తువు కాదు. 1797లోనే ఆంద్రె గార్నెరిన్ అనే ఫ్రెంచివాడు పారిస్‌లో బెలూన్ నుండి పారాచూట్‌తో దిగాడు. కాని ఆ పారాచూట్‌లు బెలూన్‌కు వేలాడదీసినవి. బెలూన్ మెల్లగా కదులుతుంది కాబట్టి అక్కడ అవి పనికి వచ్చాయి. వేగంగా పోయే విమానంలో అంత పెద్ద గొడుగును ఎక్కడ వేలాడదీయాలి? విమానం తలకిందులైతే దాన్ని అందుకొనే వ్యవధి ఎక్కడిది? కొతెల్నికోవ్ ఒక సత్యాన్ని గ్రహించాడు. పారాచూట్ విమానం మీద ఉంటే లాభం లేదు. అది మనిషి ఒంటి మీదనే ఉండాలి.

మొదట ఆయన పారాచూట్‌ను తలకు పెట్టుకొనే శిరస్త్రాణంలో ఇమడ్చాలనుకున్నాడు. మనిషిని మోయగల గొడుగు అందులో పట్టదు. అందుచేత సైనికులు వీపున మోసే సంచి వంటి పెట్టెను ఎన్నుకున్నాడు. ఆ పెట్టెను లోహంతో చేయించాడు. లోపల అడుగున స్ప్రింగులు, వాటిపై ఒక పలక, ఆ పలక మీద మడిచిన పట్టు గొడుగు. తాడు లాగగానే మూత తెరుచుకుంటుంది, స్ప్రింగులు పలకను పైకి తోస్తాయి, గొడుగు బయటికి ఎగురుతుంది. గొడుగు అంచున సన్నని ఉక్కు తీగను కుట్టించాడు. దానివల్ల అంచు త్వరగా విచ్చుకుని గాలి నిండుతుంది.

అంతకంటె ముఖ్యమైనది పట్టీల అమరిక. ఆకాశం నుండి పడే మనిషి వేగం గంటకు సుమారు రెండు వందల కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. గొడుగు తెరుచుకోగానే ఆ వేగం కొద్ది క్షణాల్లో తగ్గిపోతుంది. అప్పుడు శరీరానికి పెద్ద కుదుపు తగులుతుంది. ఆ కుదుపు ఒక్క నడుము మీద పడితే మనిషికి ప్రమాదం. అందుకని కొతెల్నికోవ్ భుజాలను, రొమ్మును, నడుమును, తొడలను చుట్టే పట్టీలు అమర్చి బరువు ఒంటికంతా పంచాడు. గొడుగు తాళ్ళను రెండు కట్టలుగా విడదీసి ఒక్కొక్క కట్టను ఒక్కొక్క భుజానికి తగిలించాడు. ఒకే చోట కట్టి వేలాడదీసిన వస్తువు బొంగరంలా తిరుగుతుంది. రెండు భుజాలకు కట్టినందువల్ల మనిషి గిరగిర తిరగకుండా నిలకడగా దిగగలుగుతాడు. ఈ సాధనానికి ఆయన ఆర్‌కె-1 అని పేరు పెట్టాడు. రష్యన్ అనే మాటలోని, కొతెల్నికోవ్ పేరులోని మొదటి అక్షరాలవి.

1911లో ఆయన తన సాధనాన్ని రష్యా యుద్ధశాఖకు పంపాడు. అధికారులు దాన్ని అంగీకరించలేదు. గొడుగు తెరుచుకొనే కుదుపుకే మనిషి చనిపోతాడని వారు శంకించారు. నటుడికి యంత్రాలతో ఏమి పని అని నవ్వినవారూ ఉన్నారు. కొతెల్నికోవ్ కోపించలేదు, నిరాశ పడలేదు. ఆ సందేహం న్యాయమైనదే. సందేహానికి మాటలతో కాక పరీక్షతోనే సమాధానం చెప్పాలి. 1912 మార్చి 20న ఆయన ఫ్రాన్సు దేశంలో తన సాధనానికి పేటెంటు పొందాడు.

సరిగా ఆ రోజుల్లోనే పారిస్‌లో ఒక విషాదం జరిగింది. ఫ్రాంజ్ రైఖెల్ట్ అనే దర్జీ కూడా విమానచోదకులను కాపాడాలనే తపనతో పారాచూట్‌గా విచ్చుకొనే దుస్తు ఒకటి కుట్టాడు. ఈఫిల్ గోపురం మొదటి అంతస్తు నుండి బొమ్మను పడవేసి పరీక్షించుకోవడానికి అతనికి అనుమతి దొరికింది. కాని 1912 ఫిబ్రవరి 4న గోపురం ఎక్కిన తరువాత అతడు బొమ్మను పడవేయలేదు. తన సృష్టి మీద నమ్మకంతో తానే దూకాడు. దుస్తు విచ్చుకోలేదు. సుమారు యాభై ఏడు మీటర్ల ఎత్తు నుండి పడి అతడు ప్రాణం కోల్పోయాడు. రైఖెల్ట్‌కు ధైర్యం తక్కువ కాదు, సదాశయం తక్కువ కాదు. తక్కువైనది పరీక్ష ఒక్కటే.

కొతెల్నికోవ్ ఎన్నుకున్న దారి వేరు. 1912 జూన్‌లో ఆయన మొదట తన పారాచూట్‌ను ఒక మోటారు కారుకు కట్టాడు. కారు వేగం అందుకోగానే తాడు లాగాడు. గొడుగు విచ్చుకుంది. దాని పట్టుకు కారు నిలిచిపోయింది, ఇంజను ఆగిపోయింది. తాళ్ళు తెగలేదు, పట్టీలు ఊడలేదు. తరువాత కొద్ది రోజులకే పీటర్స్‌బర్గ్‌కు దగ్గరలో గాచినా వద్ద సాల్యూజి అనే పల్లె సమీపాన రెండవ పరీక్ష జరిగింది. మనిషి ఆకారంలో, మనిషి బరువుతో, సుమారు ఎనభై కిలోల బొమ్మకు పట్టీలు తొడిగారు. బెలూన్ మీద సుమారు రెండు వందల మీటర్ల ఎత్తుకు తీసుకుపోయి కిందికి వదిలారు. గొడుగు తెరుచుకుంది. బొమ్మ మెల్లగా వచ్చి పచ్చిక మీద వాలింది. తరువాత విమానం నుండి కూడా బొమ్మను వదిలి చూశారు.

ఇన్ని పరీక్షలు నెగ్గిన తరువాతనే మనిషి వంతు వచ్చింది. 1913 జనవరిలో ఫ్రాన్సులోని రూఆఁ నగరంలో, సెన్ నది మీది ఎత్తైన వంతెన నుండి ఒసోవ్‌స్కీ అనే రష్యన్ సంగీత విద్యార్థి ఈ పారాచూట్‌తో దూకాడు. క్షేమంగా దిగాడు.

అయినా సొంత దేశంలో ఈ సాధనానికి వెంటనే ఆదరణ దొరకలేదు. పారాచూట్ ఇస్తే చిన్న ఆపదకే చోదకులు విలువైన విమానాన్ని వదలి దూకుతారని పెద్ద అధికారులు కొందరు భావించారు. ఇటువంటి భావన అప్పుడు ఇతర దేశాల్లోనూ ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంలో ఎందరో యువకులు పారాచూట్ లేక మండే విమానాల్లోనే మరణించారు. విమానం మళ్ళీ చేసుకోవచ్చు, మనిషిని చేయలేము అనే సంగతి గుర్తించడానికి లోకానికి చాలా కాలం పట్టింది.

కొతెల్నికోవ్ తన పని ఆపలేదు. లోహపు పెట్టె బరువు, గట్టిదనం ఇబ్బంది కలిగిస్తాయని తెలుసుకొని 1920ల తొలి సంవత్సరాల్లో మెత్తని గుడ్డ సంచితో కొత్త నమూనాలు చేశాడు. సరుకులను దింపే పెద్ద పారాచూట్‌నూ రూపొందించాడు. 1926లో తన ఆవిష్కరణలన్నింటినీ ప్రభుత్వానికి అప్పగించాడు. ఇదే కాలంలో అమెరికాలోనూ ఈ దిశగా కృషి జరిగింది. అక్కడ ఎన్నో పారాచూట్‌లను తెచ్చి, బొమ్మలతో పరీక్షించి, ఒకదానితో ఒకటి పోల్చి చూశారు. ఆ తరువాత 1919 ఏప్రిల్ 28న లెస్లీ ఇర్విన్ విమానం నుండి దూకి, గాలిలో తన చేతితోనే తాడు లాగి గుడ్డ సంచి పారాచూట్‌ను తెరిచాడు. దిగేటప్పుడు చీలమండ విరిగినా ప్రాణం నిలిచింది.

నేడు వినోదం కోసం ఆకాశం నుండి దూకేవారి వీపు సంచిలో ఒకటి కాదు, రెండు పారాచూట్‌లు ఉంటాయి. మొదటిది విఫలమైతే రెండవది కాపాడుతుంది. పట్టీలు, సంచి, రెండవ పారాచూట్ నిర్ణీత ప్రమాణాలకు లోబడి ఉండాలని అనేక దేశాల్లో నియమం ఉంది. మామూలుగా మోసే బరువు కంటె ఎక్కువ బరువు కట్టి, మామూలు వేగం కంటె ఎక్కువ వేగంతో వదిలి వాటిని పరీక్షిస్తారు. నెగ్గినవాటికే యోగ్యతా ముద్ర దొరుకుతుంది. అయితే ముద్ర పడిన సంచి అయినా కాలం గడిచే కొద్దీ పాతబడుతుంది. కాబట్టి శిక్షణ పొందినవారు దాన్ని గడువు ప్రకారం విప్పి, పరీక్షించి, మళ్ళీ మడిచి పెడతారు.

మన దేశంలో పారాచూట్‌ల రూపకల్పన ఆగ్రాలోని రక్షణ పరిశోధనా సంస్థలో జరుగుతుంది. సైనిక విమానాల, వాటి పరికరాల యోగ్యతను నిర్ణయించే కేంద్రం మన బెంగళూరులోనే ఉంది. 2025 ఆగస్టు 24న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట వద్ద, వ్యోమగాములను భూమికి చేర్చే పారాచూట్‌లను పరీక్షించారు. హెలికాప్టర్ సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తు నుండి సుమారు అయిదు టన్నుల నమూనా పేటికను వదిలింది. అందులో మనుషులు లేరు. మనిషి కంటె ముందు బొమ్మ అనే నియమం నూరేళ్ళు దాటినా మారలేదు.

కొతెల్నికోవ్ చివరి రోజులు కష్టంగా గడిచాయి. రెండవ ప్రపంచయుద్ధంలో శత్రుసేనలు ఆయన నగరాన్ని ముట్టడించాయి. అప్పటికి దాని పేరు లెనిన్‌గ్రాడ్. ఆకలి, చలి, బాంబుల నడుమ, చూపు మందగించిన ఆ వృద్ధుడు కూడా నగర రక్షణలో తన వంతు పని చేశాడు. తరువాత ఆయనను మాస్కోకు తరలించారు. అక్కడే 1944 నవంబరు 22న, డెబ్బై రెండేళ్ళ వయస్సులో కన్నుమూశాడు. 1949లో సాల్యూజి పల్లెకు ఆయన పేరు మీదుగా కొతెల్నికోవో అని పేరు పెట్టారు.

మాస్కోలో ఆయన సమాధి పక్కన చెట్లున్నాయి. మన ఊళ్ళలో మొక్కు తీరినవారు గుడి ముందరి చెట్టుకు దారాలు కట్టినట్లు, ఆకాశం నుండి క్షేమంగా దిగినవారు అక్కడికి వచ్చి తమ పారాచూట్ దారాలను ఆ కొమ్మలకు కట్టి వెళుతుంటారు.

ఆలోచించి చెప్పండి

1. పారాచూట్ విమానం మీద కాక మనిషి ఒంటి మీద ఉండాలని కొతెల్నికోవ్ ఎందుకు భావించాడు?
2. గొడుగు తాళ్ళను రెండు భుజాలకు కట్టడం వల్ల కలిగే లాభమేమి?
3. రైఖెల్ట్‌కు, కొతెల్నికోవ్‌కు గల తేడా ఏమిటి? మీ మాటల్లో వ్రాయండి.
4. మీ ఊరిలో వాడే ముందు పరీక్షించి చూసే పనిముట్లు ఏవి? వాటిని ఎలా పరీక్షిస్తారో పెద్దలను అడిగి తెలుసుకోండి.