కర్నల్ లారెన్స్ – సిపాయి షా

పదవి ఎక్కడం లోకం మెచ్చే సంగతి. మెట్టు ఎక్కినవానికి పూలదండలు, దిగినవానికి జాలిచూపులు దక్కడం మన ఎరుకలో ఉన్నదే. తనంత తాను దిగివచ్చినవాణ్ని చూస్తే మాత్రం లోకానికి ఏమనాలో తోచదు. అతనికి మతి చలించిందనుకుంటుంది, లేదా అందులో ఏదో ఎత్తుగడ ఉన్నదని శంకిస్తుంది. సైన్యంలో కర్నల్‌గా వెలిగి, పిమ్మట అన్నిటికంటె క్రింది శ్రేణి సిపాయిగా మళ్లీ కొలువులో చేరిన టి. ఇ. లారెన్స్ విషయంలో లోకం ఈ రెండూ చేసింది.

మన ఇళ్లలో పెద్దలు పిల్లలకు చెప్పే ఒక గాథ ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్‌ను ఖలీఫా హజ్రత్ ఉమర్ సేనాధిపత్యం నుండి తొలగించగా, ఆ మహావీరుడు అలుగక అబూ ఉబైదా నాయకత్వం క్రింద పోరు సాగించాడు. అది ఆజ్ఞను శిరసావహించిన వినయం. లారెన్స్‌ను ఎవరూ దిగమనలేదు. పైపెచ్చు ఉన్నత పదవులు అతని వాకిట నిలిచి ఉన్నాయి. ఆయినా దిగాడు. ఎందుకు దిగాడన్నదే అతని జీవితంలో మనం తెలుసుకోదగిన అంశం.

థామస్ ఎడ్వర్డ్ లారెన్స్ 1888 ఆగస్టు 16వ తేదీన వేల్స్ దేశంలోని ట్రెమడాగ్ గ్రామంలో జన్మించాడు. తండ్రి ఐర్లండుకు చెందిన చాప్‌మన్ వంశీయుడు. భార్యను, ఎస్టేటును విడిచి మరొక స్త్రీతో జీవితం గడుపుతూ లారెన్స్ అన్న ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఆ దంపతుల వివాహానికి చట్టసమ్మతి లేదు. అంటే పుట్టుకతో వచ్చిన పేరే అతనికి అరువు పేరు. పేరు మార్చుకోవడం ఇతరులకు కష్టమైనంతగా అతనికి కాకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదువుతూ 1909లో వేసవి ఎండల్లో సిరియా అంతటా కాలినడకన తిరిగి క్రూసేడ్ల నాటి కోటలను పరిశీలించాడు. 1910లో ప్రథమ శ్రేణిలో పట్టం పొందాడు. 1911 నుండి 1914 వరకు యూఫ్రటీస్ తీరాన కార్కెమిష్ వద్ద పురాతత్త్వ త్రవ్వకాల్లో పనిచేశాడు. అక్కడి కూలీలతో కలిసిమెలిసి మసలుతూ అరబ్బీ మాటలాడడం అలవరచుకున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధం అతన్ని కైరోలోని సైనిక సమాచార శాఖకు చేర్చింది. 1915లో అతని తమ్ములిద్దరు ఫ్రాన్సు రణరంగంలో కన్నుమూశారు. 1916 జూన్‌లో మక్కా షరీఫ్ హుస్సేన్ తుర్కీ ప్రభుత్వంపై తిరుగుబాటు ప్రకటించాడు. ఆ అక్టోబరులో లారెన్స్ హిజాజ్ చేరి షరీఫ్ కుమారుడు ఫైసల్‌ను కలిశాడు. నాటి నుండి యుద్ధాంతం వరకు అరబ్బు దుస్తులు ధరించి, ఒంటెలపై ఎడారులు దాటుతూ, ఫైసల్ సేనకు సలహాదారుగా మెలిగాడు. 1917 జూలై 6వ తేదీన ఔదా అబూ తాయీ వంటి గిరిజన నాయకులతో కలిసి వెనుకవైపు ఎడారి మార్గాన వచ్చి అకబా రేవును పట్టుకోవడం ఆ యుద్ధంలో అతని పేరు నిలిపిన ఘట్టం. హిజాజ్ రైలు మార్గాన్ని పలుచోట్ల ప్రేల్చివేశాడు. 1908లో మదీనా వరకు పూర్తి అయిన ఆ రైలు మార్గానికి లోకమంతటి ముస్లిములతోపాటు భారతీయ ముస్లిములు కూడ చందాలు పంపినవారే. కాబట్టి ఆ ప్రేలుళ్ల కథను మనం కేవలం సాహసగాథగా చదువలేము.

1918 అక్టోబరు 1వ తేదీన డమాస్కస్ పడింది. జనరల్ అలెన్‌బీ నడిపిన ఆ దండయాత్రలో మన హైదరాబాద్ లాన్సర్లు కూడ ఉన్నారు. యుద్ధం ముగిసేనాటికి లారెన్స్ వయస్సు ముప్పది సంవత్సరాలు. హోదా కర్నల్.

అయితే ఆ విజయం అడుగున ఒక అబద్ధం ఉన్నది. అరబ్బులకు స్వాతంత్ర్యం ఇస్తామని బ్రిటిష్ ప్రభుత్వం షరీఫ్ హుస్సేన్‌కు ఆశ కల్పించింది. 1916 మే నెలలోనే బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు ఆ భూములను తమలో తాము పంచుకుంటూ సైక్స్–పీకో రహస్య ఒప్పందం కుదుర్చుకున్నాయి. 1917 నవంబరులో పాలస్తీనాపై బాల్‌ఫర్ ప్రకటన వెలువడింది. ఈ రహస్య ఒప్పందం సంగతి లారెన్స్ యుద్ధకాలంలోనే ఎరుగును. ఎరిగియుండియు, అరబ్బులను ఆ ఆశతోనే ముందుకు నడిపించాడు. నమ్మిన మనుష్యులు అతని మాటపై ప్రాణాలిచ్చారు. ఆ మాట నిలిపే అధికారం తనకు లేదని అతనికి తెలుసు. అతని తరువాతి జీవితమంతా ఈ ముల్లు చుట్టూ తిరిగిందని చెప్పవచ్చు.

1918 అక్టోబరు చివర బకింగ్‌హామ్ ప్రాసాదంలో ఐదవ జార్జి చక్రవర్తి స్వయంగా బిరుదులు ప్రదానం చేయబోగా వినయంగా నిరాకరించాడు. 1919లో ప్యారిస్ శాంతి సభలో ఫైసల్ ప్రక్కన నిలిచి అరబ్బుల పక్షాన వాదించాడు. ఫలితం కానరాలేదు. 1920 జూలైలో ఫ్రెంచి సేనలు ఫైసల్‌ను డమాస్కస్ నుండి వెళ్లగొట్టాయి. అదే కాలంలో లండన్ నగరంలో లోవెల్ థామస్ అనే అమెరికన్ పత్రికారచయిత చిత్రప్రదర్శనలతో లారెన్స్‌ను అరేబియా వీరునిగా లక్షలాది జనానికి చూపించాడు. లోపల తనను తాను దోషిగా ఎంచుకొన్నవానికి వెలుపల జయజయధ్వానాలు వినరావడం కంటె పెద్ద శిక్ష ఉండదు.

1921లో చర్చిల్ వలస వ్యవహారాల మంత్రిగా ఉండగా లారెన్స్ సలహాదారుగా చేరాడు. ఫైసల్ ఇరాక్ రాజు కావడానికి, అబ్దుల్లాకు ట్రాన్స్‌జోర్డాన్ దక్కడానికి తోడ్పడ్డాడు. ఇచ్చిన మాటలో కొంతభాగం చెల్లిందని తలచి 1922 వేసవిలో రాజీనామా చేశాడు.

ఆ ఏడు ఆగస్టు చివర లండన్‌లోని రాయల్ వైమానిక దళపు భర్తీ కార్యాలయానికి బక్కపలుచని, పొట్టి మనిషి ఒకడు వచ్చాడు. పేరు జాన్ హ్యూమ్ రాస్ అన్నాడు. అతడే లారెన్స్. దళాధిపతి ట్రెంచర్డ్‌కు సంగతి తెలుసు. క్రింది ఉద్యోగులకు తెలియదు. దేహదారుఢ్యం చాలదని మొదట త్రిప్పివేయబోయినా, పైనుండి ఉత్తరువు రావడంతో చేర్చుకున్నారు. ఆ విధంగా మాజీ కర్నల్ రెండవ తరగతి ఎయిర్‌క్రాఫ్ట్‌మన్ అయ్యాడు. వైమానిక దళంలో దానికి క్రింద మరొక మెట్టు లేదు.

అక్స్‌బ్రిడ్జి శిక్షణ శిబిరంలో కవాతు, వంటశాల ఊడిగం, చెత్త ఎత్తడం, నేల కడగడం అతని పనులు. తన వయస్సులో సగం ఉన్న కుర్రవాళ్లతో ఒకే కొట్టంలో పడుకున్నాడు. ఒకప్పుడు ఆజ్ఞలిచ్చిన నోటితో హవల్దారు కేకలకు బదులు చెప్పాడు. రాత్రిళ్లు పడకమీద కూర్చొని ఆ అనుభవాలను వ్రాసుకొన్నాడు. ఆ వ్రాతలే అతని మరణానంతరం 1955లో ది మింట్ అన్న పుస్తకంగా వెలువడ్డాయి. టంకసాలలో లోహం నాణెమైనట్లు, ఒంటరి మనిషి దళంలో ఒకడుగా ముద్రపడడం అందులోని విషయం.

ఆ అజ్ఞాతవాసం నాలుగు నెలలే సాగింది. 1922 డిసెంబరు చివర ఒక దినపత్రిక గుట్టు బయటపెట్టింది. ఇక్కడ సైన్యపు మర్మమొకటి గ్రహించాలి. సైన్యంలో ఆజ్ఞ పైనుండి క్రిందికే ప్రవహిస్తుంది. నిన్న కర్నల్‌గా ఉన్నవాడు నేడు వరుసలో నిలబడితే, అతనికి ఆజ్ఞ ఇవ్వవలసిన చిన్న అధికారి తడబడతాడు. వాని తప్పు పట్టాలన్నా జంకు, పట్టకున్నా జంకు. దిగివచ్చినవాని వల్ల అతనికే గాక అతని పైవారికీ ఇబ్బందే. 1923 జనవరిలో అతణ్ని తొలగించారు.

అతడు వెనుదీయలేదు. మార్చిలో టి. ఇ. షా అన్న పేరుతో సైన్యపు ట్యాంకు దళంలో ప్రైవేటుగా, అనగా మామూలు సిపాయిగా, చేరాడు. బోవింగ్టన్ శిబిరంలో ఆ జీవితం అతనికి నచ్చలేదు. మనస్సు వైమానిక దళంపైననే ఉన్నది. సమీపాన క్లౌడ్స్ హిల్ అనే చిన్న కుటీరం సంపాదించి, తీరిక వేళల్లో తన యుద్ధచరిత్రను దిద్దుకున్నాడు. మనోవ్యథ ముదిరి ఆత్మహత్య మాట కూడ ఎత్తగా, నాటకకర్త బెర్నార్డ్ షా వంటి మిత్రులు ప్రధానమంత్రి బాల్డ్విన్‌కు వ్రాశారు. 1925 ఆగస్టులో తిరిగి వైమానిక దళంలోకి మార్చారు.

ఇక్కడ ఆగి న్యాయం చెప్పుకోవాలి. లారెన్స్ ప్రక్క మంచంపై పడుకొన్న సిపాయికి ప్రధానమంత్రి తలుపు తట్టే మిత్రులు లేరు. వానికి ఆ కొట్టమే జీవితం. లారెన్స్‌కు అది ఎంచుకొన్న జీవితం. పేదరికాన్ని వరించినవాడూ, పేదరికంలో పుట్టినవాడూ ఒకే రొట్టె తిన్నా ఇద్దరి ఆకలి ఒకటి కాదు. ఈ తేడాను మరచి అతణ్ని మహర్షిని చేయడం తగదు.

ఐతే ధనం విషయంలో అతని నిజాయితీని శంకించలేము. సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్‌డమ్ అన్న తన గ్రంథాన్ని 1926లో చందాదారులకు మాత్రమే అచ్చువేయించి ఇచ్చాడు. దాని తయారీకి వచ్చిన డబ్బు కంటె ఎక్కువ ఖర్చయింది. ఆ అప్పు తీర్చడానికి 1927లో సంక్షిప్త గ్రంథం వెలువరించగా అది విరివిగా అమ్ముడుపోయింది. అప్పు తీరగానే మిగులు ధనాన్ని వైమానిక దళపు సహాయనిధికి మళ్లించి, తాను సిపాయి జీతంతో సరిపెట్టుకున్నాడు.

1927 జనవరిలో సైనికుల ఓడలో కరాచీ చేరాడు. నాటి అవిభక్త భారతదేశంలో, డ్రిగ్ రోడ్ శిబిరంలో, విమాన యంత్రాల మరమ్మతు శాఖలో గుమాస్తా పని. ఆ సంవత్సరమే షా అన్న పేరును చట్టరీత్యా ఖాయం చేసుకున్నాడు. 1928లో వజీరిస్తాన్ కొండల నడుమ మీరాన్‌షా కోటకు బదిలీ అయ్యాడు. ముళ్లకంచె దాటి పోరాని ఆ చిన్న ఠాణాలో పగలు లెక్కలు వ్రాస్తూ, తీరికలో హోమర్ రచించిన ఒడిస్సీని గ్రీకు నుండి ఆంగ్లంలోకి అనువదించసాగాడు. ఆ అనువాదం 1932లో అచ్చయింది.

అంతలో ఆఫ్ఘనిస్తాన్‌లో అమానుల్లా ఖాన్‌పై తిరుగుబాటు చెలరేగింది. సరిహద్దున ఉన్న లారెన్సే దానికి సూత్రధారి అని పత్రికలు వ్రాశాయి. గుమాస్తాగా బల్ల ముందు కూర్చొన్నవానికి గూఢచారి వేషం తగిలించారు. పూర్వం అరబ్బు వేషంలో రాజకీయం నడిపినవాడు నేడు నిజంగానే మామూలు సిపాయి అంటే నమ్మినవారు అరుదు. ఒకసారి మాట తప్పిన రాజ్యపు మనిషికి దక్కే ఫలితం అది. 1929 జనవరిలో అతణ్ని ఇంగ్లండుకు పంపివేశారు.

అక్కడ ప్లిమత్ రేవులోని వైమానిక స్థావరంలో అతని జీవితం సార్థకమైంది. సిపాయిల కష్టాలు సిపాయిగా చవిచూచినందున వాటిని గూర్చి పైవారికి వ్రాశాడు. పిరికితనపు నేరానికి సైనికులకు విధించే మరణశిక్ష రద్దు కావాలని పార్లమెంటు సభ్యుడు ఎర్నెస్ట్ థర్టిల్ సాగించిన ఉద్యమాన్ని బలపరిచాడు. 1930లో ఆ శిక్ష రద్దయింది. 1931 ఫిబ్రవరిలో అతని కళ్లెదుటనే ఒక విమానం సముద్రంలో కూలింది. రక్షణకు వెళ్లినవారిలో అతడొకడు. పడవలు వేగంగా లేకుంటే మునిగే మనిషి దక్కడని గుర్తించి, వేగవంతమైన మోటారు పడవల నిర్మాణానికి, పరీక్షలకు తన మిగిలిన కొలువు కాలాన్ని ధారపోశాడు. ఆ కృషి నుండి ఎదిగిన పడవలు రెండవ ప్రపంచ యుద్ధంలో సముద్రాన పడిన వైమానికులెందరినో కాపాడాయి. ఎడారిలో రైళ్లను ప్రేల్చిన చేతులు చివరకు ప్రాణాలు నిలిపే పడవలకు నూనె పోశాయి. అప్పటికీ అతడు కార్పొరల్ కూడ కాలేదు.

1935 ఫిబ్రవరి 26న కొలువు చాలించాడు. మే 13వ తేదీన తన కుటీరం సమీపాన సైకిళ్లపై వస్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి మోటారు సైకిలుపై నుండి పడిపోయాడు. మే 19న, నలుబదియారేళ్ల వయస్సులో, మరణించాడు. అతనికి చికిత్స చేసినవారిలో ఒకరైన వైద్యుడు హ్యూ కెయిర్న్స్ తలగాయాలపై పరిశోధన సాగించగా, అనంతర కాలంలో బ్రిటిష్ సైన్యంలో మోటారుసైకిల్ నడిపేవారికి శిరస్త్రాణం తప్పనిసరి అయింది.

లారెన్స్ దిగివచ్చినందువల్ల అరబ్బులకు ఒరిగినదేమి? ఏమీ లేదనే చెప్పాలి. సిరియా 1946 వరకు ఫ్రెంచివారి చేతిలోనే ఉన్నది. పాలస్తీనా గాయం నేటికీ మానలేదు. ఒకడు తన హోదాను త్యజించినంత మాత్రాన ఒక జాతికి ఇచ్చిన మాట చెల్లదు. అతని ప్రాయశ్చిత్తం అతనికే చెందినది. ఐనా, ఆ అబద్ధంలో పాలుగొన్న మంత్రులు, రాయబారులు బిరుదులు ధరించి తిరుగుతుండగా, వారిలో చిన్నవాడైన ఇతడొక్కడే ఆ విజయపు కూలిని ముట్టనన్నాడు.

విద్యార్థి మిత్రులారా! పట్టం పుచ్చుకొని మీరు రేపు ఉద్యోగాల వేటకు బయలుదేరుతారు. చదువుకు తగిన పదవి దొరకలేదని కొందరు ఏళ్ల తరబడి ఇంట కూర్చొనడం మనం చూస్తున్నదే. చిన్న పని మనిషిని చిన్నవాణ్ని చేయదని లారెన్స్ చివరి సంవత్సరాలు చెబుతాయి. అతని తొలి సంవత్సరాలు అంతకంటె కఠినమైన పాఠం చెబుతాయి. నిలబెట్టుకోలేని మాటను, పై అధికారి తరఫున ఐనా సరే, మరొకరికి ఇవ్వకండి. ఇచ్చిన పిమ్మట ఎంత క్రిందికి దిగినా ఆ బరువు దిగదు.